రెండడుగుల పట్టాల మీద డార్జిలింగ్ దాకా

పోయిన సంచికలో కొండ రైళ్ళ గురించి నాలుగు మాటలు రాసేసరికి డార్జిలింగ్ బండి మీద బోలెడు ప్రశ్నలు వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం, పొడుగ్గా ఉన్నవాటిని కాస్త కుదించాం.

ప్రశ్న: ఊటీ రైలుకి పట్టాల మధ్యలో పళ్ళ పట్టీ ఉంటుంది, ఇంజిన్ దాన్ని పట్టుకుని కొండెక్కుతుంది, అది అర్థమైంది. డార్జిలింగ్ రైలుకి అలాంటిదేమీ లేదని రాశారు. మరి ఆ వాలులో చక్రాలు జారిపోవా? (అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: జారతాయండీ. ఆ లైను మీద స్టీమ్ ఇంజిన్ నడిపేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద పోరాటం అదే. ఊటీ లైన్లో కల్లార్ నుంచి కూనూర్ దాకా దాదాపు 12 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకెక్కాలి, అంత నిటారుకి మామూలు చక్రం సరిపోదు, పళ్ళ పట్టీ ఉండాల్సిందే. డార్జిలింగ్ లైన్లో వాలు సగటున 30కి ఒకటి అనుకోండి, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. వినడానికి చిన్నగా ఉంది గానీ, మైదానంలో వేసే లైన్లకి వందకి ఒకటి అంటేనే ఎక్కువ లెక్క. అలాంటిది ఇక్కడ ఉత్త ఇనప చక్రం ఇనప పట్టా మీద పట్టుకునే పట్టుతోనే, సముద్రమట్టానికి వంద మీటర్ల చిల్లర ఎత్తు మాత్రమే ఉన్న సిలిగురి వైపు నుంచి బయల్దేరి డార్జిలింగ్‌కి ముందు స్టేషనైన, 2,258 మీటర్ల ఎత్తున్న ఘూమ్ దాకా వెళ్ళిపోతుంది బండి.

ఇంజిన్‌ని చూస్తే కిటుకు తెలుస్తుంది. బి క్లాస్ అంటారు దాన్ని. నాలుగే చక్రాలు, నాలుగూ ఆవిరితో తిరిగేవే, ఊరికే బరువు మోసే చక్రం ఒక్కటీ లేదు. నీళ్ళ ట్యాంకు బాయిలర్ మీద జీనులా కూర్చుని ఉంటుంది, బొగ్గు కూడా విడిగా వెనక పెట్టెలో కాకుండా ఇంజిన్ మీదే. అంటే ఉన్న 15 టన్నుల చిల్లర బరువంతా ఆ నాలుగు చక్రాల మీదే పడుతుంది, బరువు పడితేనే పట్టు. కానీ అక్కడ సగం రోజులు పొగమంచు, మిగతా సగం వాన. పట్టా తడిసిందంటే పట్టు సగానికి పడిపోతుంది, చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, బండి కదలదు.

అందుకే ఇసుక. ఈ లైను పద్ధతి ప్రకారం ఇంజిన్ ముందు, సరిగ్గా బఫర్ (తాకిడిని తట్టుకునే ఇనప దిమ్మ) దగ్గర, ఇటొకరు అటొకరు ఇద్దరు మనుషులు కూర్చుంటారు. వాళ్ళ పక్కన ఇసుక పెట్టె. చక్రం జారబోతోందని చప్పుడు బట్టే కనిపెట్టేసి చేత్తో ఇసుక తీసి పట్టా మీద సన్నగా వదులుతారు, కాసింతే. ఎక్కువ పోస్తే వెనకున్న పెట్టెల చక్రాలకి అదే అడ్డం పడుతుంది, తక్కువైతే లాభం లేదు. నడుస్తున్న ఇంజిన్ ముందు, వానలో, చలిలో, కళ్ళల్లోకి మంచు కొడుతుంటే ఈ పని. డ్రైవరు, ఫైర్‌మన్, పైన బొగ్గు గుట్ట మీద కూర్చుని సమ్మెటతో పెద్ద పెళ్ళల్ని పగలగొట్టే మనిషి, ఈ ఇద్దరు: మొత్తం అయిదుగురు ఉంటే గానీ అంత చిన్న ఇంజిన్ కొండెక్కదు. ఎవరైనా ఈ రైలు ఫోటో పంపితే నేను ముందు చూసేది ఆ ఇద్దరు కనిపిస్తున్నారా అని.

ప్రశ్న: అసలు రెండడుగుల గేజే ఎందుకు పెట్టారు? డబ్బు ఆదా కోసమా? (ఒంగోలు)

జవాబు: డబ్బు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం మలుపు. పట్టాల మధ్య దూరం ఎంత తక్కువైతే అంత ఇరుకు మలుపు తిప్పుకోవచ్చు. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, ఇది 610. బ్రాడ్ గేజ్ లైను ఆ కొండల్లోకి తీసుకెళ్ళాలంటే వంపు విశాలంగా ఉండాలి, అంత చోటు లేదు కాబట్టి కొండని తొలచాలి, లోయల మీద పెద్ద వంతెనలు కట్టాలి. రెండడుగుల లైనుకి ఆ బాధ లేదు, కొండ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఈ మొత్తం దారిలో ఒక్క సొరంగం కూడా లేదంటే చాలామంది నమ్మరు. నిజంగానే లేదు. అదే కాల్కా–సిమ్లా లైను చూడండి, అది 762 మిల్లీమీటర్ల గేజ్, 1903లో మొదలైంది, దాన్లో వందకి పైగా సొరంగాలు. ఆ లైను కొండలోంచి పోతుంది, ఈ లైను కొండ చుట్టూ పోతుంది.

ప్రశ్న: ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు? దొరలు ఎండాకాలం చల్లగా గడపడానికేనా? (తెనాలి, సిద్దిపేట)

జవాబు: అదొక్కటే అయితే లైను అంత త్వరగా వచ్చేది కాదనుకుంటాను. డార్జిలింగ్‌లో అప్పటికే తేయాకు తోటలు బాగా పెరిగిపోయాయి. 1878 కల్లా కలకత్తా నుంచి సిలిగురి దాకా రైలు వచ్చేసింది. అక్కణ్ణుంచి పైకి మాత్రం హిల్ కార్ట్ రోడ్డు మీద ఎడ్లబళ్ళు, గుర్రపు టాంగాలే దిక్కు. కింద నుంచి బియ్యం పైకెళ్ళాలి, పైనుంచి తేయాకు కిందికి రావాలి. సిలిగురిలో టన్ను 98 రూపాయలున్న బియ్యం డార్జిలింగ్ చేరేసరికి 238 రూపాయలయ్యేదని లెక్క చెప్తారు. అంటే బియ్యం ఖరీదు కంటే బండి కిరాయే ఎక్కువ.

ఈస్టర్న్ బెంగాల్ రైల్వేలో ఏజెంటుగా ఉన్న ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఇదే లెక్క చూపించి, కొత్తగా దారి వెయ్యక్కర్లేదు, ఉన్న రోడ్డు పక్కనే చిన్న పట్టాలు పరిచి స్టీమ్ ట్రామ్ నడిపితే చాలు అన్నాడు. ఆ ఆలోచనే మొత్తం కథని నిర్ణయించింది. 1879లో పని మొదలు. 1880 మార్చికి తిన్‌ధారియా దాకా, ఆగస్టుకి కర్సియాంగ్ దాకా, 1881 జులైకి డార్జిలింగ్ దాకా పట్టాలు వెళ్ళిపోయాయి. రెండేళ్ళలో! కంపెనీ పేరు కూడా మొదట డార్జిలింగ్ స్టీమ్ ట్రామ్‌వే కంపెనీ, తర్వాతే డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే అయింది. 1948 అక్టోబరులో ప్రభుత్వం తీసేసుకుంది.

దారంతా పట్టాలు రోడ్డుని అటు దాటి ఇటు దాటి పోతుంటాయి ఎందుకని ఇంకొకరు అడిగారు, దానికీ జవాబు ఇదే. రోడ్డే ముందు, రైలు తర్వాత. రోడ్డు ఎక్కడైనా మరీ ఇరుగ్గా మలుపు తీసుకుంటే రైలు దాన్ని దాటి అవతలి పక్కకి వెళ్ళి వీలున్నంత పొడుగ్గా తిరుగుతుంది. కర్సియాంగ్ బజార్లో అయితే దుకాణం మెట్టుకీ పెట్టె కిటికీకీ మధ్య చెయ్యి పట్టేంత సందే ఉంటుంది, కొట్టు ముందు వేలాడదీసిన సరుకు కిటికీలోంచి అందుకోవచ్చు. అందుకే డ్రైవర్ కూత వేస్తూనే ఉంటాడు.

ప్రశ్న: లూప్ అంటే గుండ్రంగా తిరగడం, అర్థమైంది. జిగ్‌జాగ్ దగ్గర రైలు వెనక్కి నడుస్తుందంటున్నారు. కొండెక్కాల్సిన బండి వెనక్కి వెళ్తే మళ్ళీ కిందికే పోతుంది కదా? మా ఇంట్లో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. (రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వెనక్కి నడుస్తుంది గానీ కిందికి పోదు, వెనక్కి నడుస్తూనే పైకెక్కుతుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి, వాదన తేలిపోతుంది.

కొండవాలు మీద ఎడమ నుంచి కుడికి కొంచెం పైకి వాలుతూ ఒక గీత గీయండి. బండి దాని మీద కుడివైపు చివరికొచ్చి ఆగింది. ముందు లోయో, కొండ ముక్కో ఉంది, గుండ్రంగా తిరగడానికి చోటు లేదు. ఇప్పుడు ఆ చివరి నుంచి ఎడమవైపుకి ఇంకో గీత, ఇది కూడా పైకి వాలుతూనే, మొదటి గీతకి పైన. బండి కుడి చివర ఆగగానే అక్కడున్న పాయింట్స్‌మన్ పట్టా మారుస్తాడు, డ్రైవర్ ఇంజిన్‌ని వెనక్కి నడుపుతాడు, అంటే ఇప్పుడు పెట్టెలు ముందు, ఇంజిన్ వెనక నుంచి నెడుతోంది, రెండో గీత మీద పైకి. ఎడమ చివరికొచ్చాక మళ్ళీ ఆగి, మళ్ళీ పట్టా మార్చి, మూడో గీత మీద ఎప్పట్లాగే ఇంజిన్ ముందు పెట్టుకుని కుడివైపు సాగిపోతుంది. మూడు గీతలూ పైకే. కిందికి చూస్తే కాసేపటి క్రితం వచ్చిన పట్టాలే కాళ్ళ కింద కనిపిస్తాయి. ఇలాంటివి మొత్తం ఆరున్నాయి.

దీని వెనక ఒక కథ కూడా చెప్తారు. పని మధ్యలో దారి మూసుకుపోయి ఏం చెయ్యాలో తోచక దిగాలుగా ఉన్న ఇంజినీరుతో భార్య, ముందుకి పోలేకపోతే వెనక్కి పోవచ్చుగా అందట. నిజమో కల్పనో గానీ అక్కడ ప్రతి గైడూ చెప్పేదే. చరిత్ర మాత్రం ఇంకోలా ఉంది: మొదట రోడ్డు వాలుతోనే పట్టాలు వేసేశారు, కొన్నిచోట్ల మరీ నిటారై ఇంజిన్లు అవస్థ పడుతుంటే, 1882లో సుక్నా, గయాబాడీల మధ్య లూపులూ జిగ్‌జాగులూ కట్టి దారిని సాగదీశారు. అదే ఎత్తుని ఎక్కువ దూరంలో ఎక్కితే వాలు తగ్గుతుంది, అంతే సూత్రం.

లూపులు ఇప్పుడు మూడు మిగిలాయి: చునాభట్టి, ఆగనీ పాయింట్, బటాసియా. వీటిలో తిన్‌ధారియా దగ్గరున్న ఆగనీ పాయింట్‌దే లైను మొత్తమ్మీద అన్నిటికన్నా ఇరుకు మలుపు. ఇంకో రెండు వరదలకి పోయాయి, ఒకటి 1942లో, ఒకటి 1991లో. బటాసియా మిగతావాటికంటే చిన్నది వయసులో, 1919లో కట్టారు. అదేమో పైకెక్కడానికి కాదు, ఘూమ్ నుంచి డార్జిలింగ్‌కి దిగేటప్పుడు వాలు తగ్గించడానికి. చాలామందికి తెలియని సంగతి, ఈ లైన్లో అన్నిటికన్నా ఎత్తైన స్టేషను డార్జిలింగ్ కాదు, దానికి ముందొచ్చే ఘూమ్. దేశంలోనే ఎత్తైన రైల్వే స్టేషను అది. అక్కణ్ణుంచి డార్జిలింగ్ దాదాపు 180 మీటర్లు కిందికి.

ప్రశ్న: మన అరకు రైలు కూడా ఇలాంటిదేగా? (విజయనగరం)

జవాబు: అందంలో దేనికది సాటి. కానీ అది బ్రాడ్ గేజ్, ఇనప ఖనిజం మోసే గూడ్సు బళ్ళ కోసం 1960లలో వేసిన లైను, వరస సొరంగాలతో కొండని చీల్చుకుంటూ వెళ్తుంది. ఇంజినీరింగ్ పూర్తిగా వేరు. రెండూ ఎక్కండి.

ప్రశ్న: ఆ స్టీమ్ ఇంజిన్లు నిజంగా అప్పటివేనా, పాతగా కనిపించేలా చేసిన కొత్తవా? అప్పటివైతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? మాది లేత్ వర్క్‌షాప్, అందుకని అడుగుతున్నాను. (హైదరాబాద్, బాలానగర్)

జవాబు: అప్పటివే. బి క్లాస్ ఇంజిన్ నమూనా 1889లో షార్ప్ స్టీవర్ట్ అనే బ్రిటిష్ కంపెనీ తయారుచేసింది. 1920ల దాకా అదే నమూనాలో మొత్తం 34 ఇంజిన్లు వచ్చాయి, చాలావరకు గ్లాస్గో నుంచి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు ఖాళీ లేక మూడు అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి తెప్పించారు. ఇంకో మూడు ఎక్కడ తయారయ్యాయో తెలుసా? కొండ మీదే, తిన్‌ధారియాలో రైల్వే సొంత వర్క్‌షాపులో. ఈ వాక్యం మీకోసమే రాస్తున్నాను.

విడిభాగాలు బజార్లో దొరికే ప్రశ్నే లేదు. ఆ కంపెనీలు మూతపడి దశాబ్దాలయింది. వాల్వ్ అరిగినా, బుష్ పోయినా, బాయిలర్ ట్యూబు కారినా పాతది కొలిచి కొత్తది చేసుకోవాల్సిందే. ఇక్కడే మీలాంటివాళ్ళకి అర్థమయ్యే చిక్కు ఒకటుంది. వందేళ్ళుగా ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో సమయంలో ఒక్కో రిపేరు జరిగింది, ఇసకంత చొప్పున కొలతలు మారుతూ వచ్చాయి, కాబట్టి ఒకే నమూనా ఇంజిన్లయినా ఒకదాని భాగం ఇంకోదానికి అచ్చంగా అతుకుతుందన్న భరోసా ఉండదు. డ్రాయింగ్ చూసి చేస్తే చాలదు, ఆ ఇంజిన్ దగ్గర నిలబడి కొలిచి చెయ్యాలి. ఏ ఇంజిన్ గుణం ఏమిటో తెలిసిన ఫిట్టరు రిటైరైతే ఆ తెలివిడి కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. బాయిలర్ ఒత్తిడిలో ఉండే వస్తువు, సర్దుకుపోదాం అంటే కుదరదు. వారసత్వం అని మనం చెప్పుకునేదాన్లో పట్టాలు, ఇంజిన్లు ఎంత ముఖ్యమో ఆ చేతిపని అంత ముఖ్యం. వర్క్‌షాపులో కుర్రాళ్ళకి నేర్పడం ఆగిపోయిన రోజున అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి తప్ప ఇంజిన్ దేనికీ పనికిరాదు.

ప్రశ్న: మేం రెండుసార్లు వెళ్ళాలనుకుంటే రెండుసార్లూ కొండచరియలు విరిగిపడ్డాయని రైలు రద్దయింది. ఇన్నేళ్ళ లైను, ఒక గట్టి గోడ కట్టలేరా? (గుంటూరు)

జవాబు: మీ బాధ న్యాయమైనదే. కానీ అక్కడి నేల తీరు చూడాలి. హిమాలయాలు వయసులో చిన్న కొండలు, మన తూర్పు కనుమల్లా గట్టిపడిన రాయి కాదు, పగుళ్ళు ఎక్కువ, మీద వదులు మట్టి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత. నీళ్ళు లోపలికి దిగి, మట్టి బరువెక్కి, ఒక రాత్రి మొత్తం జారిపోతుంది. పైగా భూకంపాల ప్రాంతం. 1897లో భూకంపం, 1899లో తుపాను, 1934లో మళ్ళీ భూకంపం, మధ్యలో ప్రతి వానాకాలం. పాగ్లా ఝోరా అని ఒక చోటుంది, లైను కట్టిన నాటినుంచీ అది సతాయిస్తూనే ఉంది. 2010 జూన్‌లో అక్కడే పెద్ద ఎత్తున విరిగిపడింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో తిన్‌ధారియా దగ్గర కొండ ముక్కే జారిపోయి రోడ్డూ పట్టాలూ రెండూ మాయమయ్యాయి. కింది నుంచి పైదాకా బండి మళ్ళీ నడిచింది 2015 డిసెంబరులో. అన్నాళ్ళూ పైన కొంత, కింద కొంత నడిపి నెట్టుకొచ్చారు.

గోడలు కడుతూనే ఉంటారు. అయితే లైను రోడ్డుని అంటుకుని ఉంది కాబట్టి రైల్వే ఒక్కటే చేసుకునే పని కాదు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి వాలు తవ్వినా, పైన చెట్లు కొట్టేసినా, ఇళ్ళ మురుగునీరు కాలవ లేకుండా వాలు మీదకి వదిలేసినా, దెబ్బ తగిలేది పట్టాలకే. నా ఉద్దేశంలో అక్కడ కావాల్సింది గోడ కంటే ముందు కాలవ. నీళ్ళు మట్టిలోకి దిగకుండా పక్కకి పోయే దారి చూపిస్తే సగం గండం గట్టెక్కినట్టే, ఆ కాలవల్లో పేరుకున్న ఆకూ మట్టీ వానాకాలానికి ముందే తియ్యాలి, ఏటా తియ్యాలి. ఎవరూ ఫోటో తీసుకోని పని, అందుకే దానికి డబ్బు విదల్చరు.

కొండే కాదు, మనుషులూ ఆపిన సందర్భాలున్నాయి. 2017లో ప్రత్యేక గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం జరిగిన ఆందోళనల్లో సోనాదా, గయాబాడీ స్టేషన్లు తగలబడ్డాయి, నెలల తరబడి బళ్ళు లేవు. అవి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: కారులో మూడు నాలుగు గంటల్లో చేరే దూరానికి ఈ రైలు రోజంతా తీసుకుంటుంది. టికెట్ల మీద వచ్చే డబ్బు ఖర్చుకి చాలదని చదివాను. జనం సొమ్ముతో ఎందుకు నడపాలి? టూరిస్టుల కోసం పైన చిన్న ముక్క ఉంచి మిగతాది ఎత్తేస్తే పోలా? (నిజామాబాద్)

జవాబు: మొహమాటం లేకుండా అడిగారు, నేనూ అలాగే చెప్తాను. ఎత్తేస్తే పోయేది ఆ రైల్వేనే.

పైన మీరన్న చిన్న ముక్క, డార్జిలింగ్ నుంచి ఘూమ్‌కి వెళ్ళొచ్చే జాయ్‌రైడ్, దానిలో బటాసియా లూప్ ఉంది, కాంచనజంగ కనిపిస్తుంది, బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఇంతసేపూ చెప్పుకున్న ఆరు జిగ్‌జాగుల్లో ఒక్కటి కూడా అక్కడ లేదు. అన్నీ కర్సియాంగ్ కిందే. మిగతా రెండు లూపులూ కిందే. తిన్‌ధారియా వర్క్‌షాపూ కిందే. మైదానంలో బయల్దేరి, సుక్నా దగ్గర సాల్ అడవిలోకి దూరి, తేయాకు తోటల్లోంచి లేచి, మబ్బుల్లోకి చొచ్చుకుపోయే ఆ ఎక్కడం మొత్తం కలిపితేనే అది 1881లో కట్టిన రైలు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది ఆ మొత్తాన్ని. ఆస్ట్రియాలోని సెమ్మరింగ్ తర్వాత ప్రపంచంలో అలా గుర్తింపు పొందిన రెండో రైల్వే ఇది. దీని దారిలోనే 2005లో నీలగిరి, 2008లో కాల్కా–సిమ్లా అదే జాబితాలో చేరాయి.

ఇంకో సంగతి. వాడని పట్టా ఆ కొండల్లో నిలవదు. మైదానంలో అయితే లైను మూసేసి పదేళ్ళ తర్వాత మళ్ళీ తెరవొచ్చు, అక్కడ రెండు వానాకాలాలు ఎవరూ చూసుకోకపోతే సగం మట్టి కింద, సగం లోయలో ఉంటుంది. తీస్తా లోయలోకి ఇదే గేజుతో ఒక శాఖ ఉండేది, 1950 వరదల్లో కొట్టుకుపోయింది, మళ్ళీ వెయ్యలేదు. రోజూ ఒక బండి వెళ్తుంటేనే పట్టాల బాగోగులు చూసే గ్యాంగ్ వాళ్ళు రోజూ నడిచి చూస్తారు, చిన్న జారుడుని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటారు. కాబట్టి కింది నుంచి పైదాకా వెళ్ళే ఆ ఒక్క బండి సీట్లు నిండినా నిండకపోయినా నడవాల్సిందే అంటాను. మ్యూజియం టికెట్ డబ్బుతో మ్యూజియం జీతాలు వస్తున్నాయా అని మనం అడగం కదా.

అయితే మీ మాటలో ఒక నిజం ఉంది. వేళకి బయల్దేరడం, రద్దయితే ముందే చెప్పడం, పెట్టెలు శుభ్రంగా ఉంచడం, ఇవి జనం సొమ్ముతో నడిచే ఏ బండికైనా కనీస బాధ్యత. వాటి గురించి గట్టిగా అడగాలి, అడుగుదాం.

ప్రశ్న: పొగ మానేసి కరెంటు లైను చేసెయ్యొచ్చుగా, పర్యావరణానికీ మంచిది. (చిత్తూరు నుంచి పదో తరగతి విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఇప్పటికే రోజువారీ బండిని ఎక్కువగా డీజిల్ ఇంజిన్ లాగుతోంది, 2000 సంవత్సరం నుంచి వచ్చాయవి. స్టీమ్ ఇంజిన్లు ముఖ్యంగా జాయ్‌రైడ్లకి. ఉన్న కాసిని చిన్న ఇంజిన్లు కాల్చే బొగ్గు, పక్కనే అదే రోడ్డు మీద వరసకట్టే జీపుల పొగతో పోలిస్తే ఏపాటిది? కరెంటు తీగలకి స్తంభాలు పాతాలంటే ఆ వాలంతా మళ్ళీ తవ్వాలి, బజార్ల మధ్య ఇళ్ళ చూరులకి ఆనుకుని వెళ్ళేచోట తీగ లాగడం ప్రమాదం కూడా. రోజువారీ బండికి శుభ్రమైన ఇంజిన్ రావాలి, నీతో ఏకీభవిస్తాను. స్టీమ్ మాత్రం ఉండాలి.

ప్రశ్న: దసరా సెలవుల తర్వాత అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్దామని ఉంది. ఇద్దరికీ అరవై దాటాయి. ఏ బండి ఎక్కాలి, ఎలా వెళ్ళాలి, ఏం చూసుకోవాలి? (విజయవాడ)

జవాబు: సమయం బాగా ఎంచుకున్నారు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది, కాంచనజంగ కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. చెన్నై, బెంగళూరు వైపు నుంచి గువాహటి వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లు కొన్ని విజయవాడ మీదుగానే వెళ్తాయి, సిలిగురి పక్కనే ఉన్న న్యూ జల్పాయిగురిలో దిగండి. విమానమైతే బాగ్‌డోగ్రా.

న్యూ జల్పాయిగురి నుంచి డార్జిలింగ్ 88 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరిన బండి సాయంత్రానికి చేరుతుంది, ఏడెనిమిది గంటలు. సీట్లు ఇరుగ్గా ఉంటాయి, కాళ్ళు చాపుకోవడానికి వీలుండదు. అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులుంటే మొత్తం ప్రయాణం పెట్టుకోవద్దు, వాళ్ళని కర్సియాంగ్ దాకా కారులో పంపి మీరు కింది నుంచి రైల్లో రండి. మీకు ఒక్కరికే వీలైనా ఆ కింది భాగం వదులుకోకండి. మధ్యలో తినడానికి, మందులు వేసుకోవడానికి అన్నీ చేతి సంచిలో ఉంచుకోండి, పెద్ద సూట్‌కేసులకి పెట్టెలో చోటుండదు.

పెద్దవాళ్ళకి స్టీమ్ జాయ్‌రైడ్ చక్కగా సరిపోతుంది. దాదాపు రెండు గంటల్లో డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్ళి వెనక్కొచ్చేస్తుంది. బటాసియాలో కాసేపు ఆపుతారు, అక్కడ గూర్ఖా సైనికుల స్మారకం ఉంది. ఘూమ్‌లో ఇంకాస్త ఎక్కువసేపు, స్టేషన్లోనే చిన్న మ్యూజియం, తప్పకుండా చూడండి. టికెట్ ఐఆర్‌సీటీసీలోనే దొరుకుతుంది, సీజన్‌లో త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. ఒక జాగ్రత్త: జాయ్‌రైడ్లలో స్టీమూ ఉంటుంది, డీజిలూ ఉంటుంది, ధరల్లో తేడా ఉంటుంది, బుక్ చేసేటప్పుడు చూసుకోకపోతే అంతదూరం వెళ్ళి డీజిల్ ఎక్కి రావాల్సి వస్తుంది.

స్టీమ్ బండిలో ఇంజిన్‌కి దగ్గరి పెట్టె అయితే చప్పుడు బాగా వినిపిస్తుంది గానీ మసి కూడా మీ మీదే. లేత రంగు బట్టలు వద్దు, నాన్నగారికి కళ్ళద్దాలు లేకపోతే ఒక చలవ కళ్ళజోడు ఇవ్వండి, నిప్పురవ్వ కంట్లో పడితే ఆ రోజంతా మంటే. అమ్మగారికి శాలువా, చెవులకి మఫ్లర్ తప్పనిసరి, ఘూమ్‌లో చలి డార్జిలింగ్ కంటే ఎక్కువ. బయల్దేరే ముందురోజు స్టేషన్‌కి ఫోన్ చేసి బండి ఉందో లేదో కనుక్కోండి, నవంబరైనా సరే.